నక్షత్రం పడిన వరుసలు

మా మహిళా పాలిటెక్నిక్‌లో కంప్యూటరు ప్రోగ్రాములోని ప్రతి వరుసకూ, ఆఫీసుకు వచ్చే కాగితాలకు వేసినట్టు, ఇన్‌వర్డ్ నంబరు ఉంటుంది. బయటివాళ్ళు ఈ మాట విని నవ్వుతారు. మాకు మాత్రం నంబరు లేని వరుసను చూస్తేనే భయం.

రెండేళ్ళ కిందట తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన ల్యాబులో తెర మీద వేలు పెట్టి, "ఈ వరుస ఎవరు రాశారు?" అని అడిగారట. ఎవరూ చెప్పలేకపోయారు. మరుసటి సోమవారమే మా ప్రిన్సిపాల్ విరూపాక్షయ్య గారు సర్క్యులర్ తీశారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ సంస్థ ఆవరణలో ఏ యంత్రమునందైనను రాయబడు ప్రతి వరుసయు ముందుగా టపాలు సెక్షనులో దాఖలై, నంబరు పొంది, బాధ్యుల సంతకముతో మాత్రమే యంత్రములోనికి ప్రవేశింపవలెను. నంబరు లేని వరుస రాయబడనట్లే భావించబడును."

నంబరు ఇలా ఉంటుంది: 47/బి/24. మొదట వరుస సంఖ్య, తర్వాత సెక్షను అక్షరం, తర్వాత సంవత్సరం. దాని పక్కన అసలు ప్రోగ్రాము మొదలవుతుంది.

కంపైలర్ ఒప్పుకోలేదు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చేది కంపైలరే. దానికి 47/బి/24 అంటే ఏమిటో తెలియదు. మొదటి వరుసలోనే ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు దానికి మెమో ఇచ్చారు. ఏడు రోజుల్లో సంజాయిషీ రాలేదు కాబట్టి కంపైలర్‌కు అభ్యంతరం లేనట్లుగా నమోదు చేశారు. ఎనిమిదో రోజున కూడా అది మొదటి వరుసలోనే ఆగింది.

అప్పుడు కంప్యూటర్ శాఖ హెడ్డు పెన్నోబులేసు సారూ, కాంట్రాక్టు లెక్చరర్ షమీమ్ మేడమూ కలిసి ఒక ప్రీప్రాసెసర్ రాశారు. కంపైలర్ గది బయట కూర్చునే గుమాస్తా లాంటిది ఇది. లోపలికి పోయే కాగితాన్ని ముందు తాను చూసి, అక్కరలేనివి తీసేసి పంపుతుంది. మొత్తం పన్నెండు వరుసలు. అసలు పని చివరి రెండింటిదే.

పదకొండో వరుస పెన్నోబులేసు సార్ రాశారు. మనుషులు చదువుకోవడానికి ప్రోగ్రాములో రాసుకునే మాటలను అది తీసేస్తుంది. అలాంటి మాటలకు ముందు ఒక ఏటవాలు గీత, నక్షత్రం పెడతారు. చివర నక్షత్రం, గీత పెట్టి ముగిస్తారు. ఆ రెంటి మధ్య ఉన్నదంతా యంత్రానికి అనవసరం. మా దగ్గర ప్రతి ప్రోగ్రాము మొదట్లోనూ ప్రిన్సిపాల్ గారి సందేశం మూడు పేజీలు ఉంటుంది కాబట్టి ఇది చాలా ముఖ్యమైన వరుస. పన్నెండో వరుస షమీమ్ మేడం రాసింది. అది ఇన్‌వర్డ్ నంబర్లను తీసేస్తుంది.

ఆ విధంగా నంబర్లు పెట్టడానికి ఒక సెక్షనూ, తీసేయడానికి ఒక ప్రోగ్రామూ ఏర్పడ్డాయి. ఆ ప్రోగ్రాము వరుసలకూ నంబర్లున్నాయి కాబట్టి, దాన్ని మార్చినప్పుడల్లా కొత్తదాన్ని పాతదానిలోంచే పంపాలి.

ఈ ఏడాది ఫైనలియర్‌లో మేము అరవై రెండు మందిమి. పరీక్ష రాయబోయే వాళ్ళ జాబితాను నామినల్ రోల్ అంటారు. బోర్డుకు అది చేరితేనే హాల్‌టికెట్లు వస్తాయి. దాన్ని అచ్చువేసే ప్రోగ్రామును మా చేతే రాయించాలని ప్రిన్సిపాల్ గారు సంకల్పించారు. "ఒక విద్యార్థిని, ఒక వరుస" అని గోడ మీద రంగుతో రాయించారు కూడా. ఎవరి పేరు, వివరాలు ఉన్న వరుస వాళ్ళే రాయాలి. రోల్ నంబరే ఇన్‌వర్డ్ నంబరు.

టపాలు సెక్షనులో తిప్పేస్వామి సార్ ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. మనిషి మంచివారు. అర్జంటు కాగితమైతే సెక్షను అక్షరం బదులు ఎర్ర పెన్సిలుతో నక్షత్రం వేస్తారు. అర్జంటు కాగితం ఏ సెక్షనుకూ పోకుండా నేరుగా ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికే పోతుంది కాబట్టి దానికి అక్షరం అక్కర్లేదు. ఆ గదిలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

నలభై ఏడో నంబరు సుజనిత ఆఫీసు మూసే వేళకు పరుగెత్తుకుంటూ పోయింది. ఆమెకు నక్షత్రం పడింది. నాది యాభై మూడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. సార్ "ఏం పాపా?" అన్నారు. నాకు మాట రాలేదు. మళ్ళీ "ఏం పాపా?" అన్నారు. కాగితం ముందుకు తోశాను.

"నోట మాట రాలేదంటే ఎంత అర్జంటో పాపం," అని నాకూ నక్షత్రం వేశారు.

సోమవారం నామినల్ రోల్ అచ్చయింది. అందులో యాభై ఆరు పేర్లే ఉన్నాయి. నలభై ఏడు నుంచి యాభై రెండు దాకా ఆరుగురు లేరు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి బోర్డు గడువు.

హాస్టల్లో నా పక్క మంచం హనుమక్కది. ఆమె నంబరు నలభై తొమ్మిది. ఆమెకు తలమర్ల దగ్గర సోలార్ ప్లాంటులో అప్రెంటిస్‌గా సీటు వచ్చింది. ఏప్రిల్‌లో డిప్లొమా పాసైతేనే చేర్చుకుంటామని కాగితం మీద రాసి ఇచ్చారు. ఈ పరీక్ష తప్పితే మళ్ళీ నవంబరే. నవంబరు దాకా వాళ్ళు ఆగరు.

"ఏమ్మే గంగరత్నా, నా పేరు యాడ పాయ?" అని హనుమక్క ఆ జాబితాను మూడుసార్లు తిరగేసింది. "మొన్న రాసింటినే. నేనే రాసింటినే, నా చేత్తోనే!"

"రాసినావు. నేను చూసినా," అన్నాను.

"మరి మిషను మింగిందా?"

నిజానికి అదే జరిగిందని అప్పటికి మాకు తెలియదు.

హాస్టలు మెస్సులో కూడా అదే జాబితా పెట్టుకున్నారు. సోమవారం గుడ్డు రోజు. వార్డెన్ అక్క జాబితా మీద స్కేలు పెట్టి చూసింది.

"నలభై తొమ్మిదా? అట్లాంటి నంబరు లేదు కదమ్మే."

"అక్కా, నేను నీ ఎదురుగా నిలబడినా కదా."

"నువ్వు నిలబడినావు, కాదనను. లిస్టులో లేని నోటికి గుడ్డు యెట్ల పెట్టేది? రేపు ఆడిట్ వస్తే నువ్వొచ్చి చెప్తావా?"

నా గుడ్డును ఇద్దరం సగం సగం తిన్నాం.

మంగళవారం ప్రిన్సిపాల్ గారు విచారణ చేశారు. ఆరుగురినీ వరండాలో నిలబెట్టారు. "నలభై ఆరు మంది వరకు సక్రమముగా నడచిన వ్యవస్థ, నలభై ఏడవ అభ్యర్థిని వద్దనే తడబడుటకు కారణము వ్యవస్థయందు లేదనునది స్పష్టము," అన్నారు. తర్వాత రిజిస్టరు తెప్పించి చూశారు. ఆరుగురిలో ఐదుగురికి నక్షత్రం లేదు. "ఇదియే! ఈ వరుసలకు తగిన ప్రాధాన్యము ఇవ్వబడలేదు. నక్షత్రము లేక అవి నిరాదరణకు గురైనవి."

ఆ ఐదుగురికీ తక్షణం నక్షత్రం వేయాలని ఉత్తర్వు ఇచ్చారు. తిప్పేస్వామి సార్ పెన్సిలు చెక్కుకుని వేశారు. మధ్యాహ్నం మళ్ళీ అచ్చువేశారు. నలభై ఎనిమిది, యాభై, యాభై రెండు వచ్చాయి. నలభై తొమ్మిది రాలేదు. అంతే కాదు, యాభై మూడు నుంచి అరవై రెండు దాకా పదిమందిమి మాయమయ్యాం. ఆ రాత్రి మెస్సులో నేనూ లేను.

బుధవారం ప్రిన్సిపాల్ గారు ఇంకొంచెం గట్టి నిర్ణయం తీసుకున్నారు. నక్షత్రం వల్ల ముగ్గురు తిరిగి వచ్చారు. కాబట్టి నక్షత్రం పని చేస్తుంది. చాలినంత మందికి వేయకపోవడమే లోపం. "పాక్షిక ప్రాధాన్యము అసూయకు దారితీయును," అని అరవై రెండు వరుసలకూ వేయించారు.

ముప్పై ఒక్క మంది మిగిలారు. బేసి సంఖ్యలన్నీ పోయాయి. సరి సంఖ్యలన్నీ ఉన్నాయి.

"యాభై శాతము ఉత్తీర్ణత," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాటను నోటీసు బోర్డులో కూడా పెట్టారు. ఆపైన సమస్య తేటగా బయటపడిందని, దోషం బేసి సంఖ్యల్లోనే ఉందని తేల్చారు. గురువారం ఉదయం నుంచి సంస్థలో బేసి సంఖ్యలు రద్దయ్యాయి. మాకు రెండు నుంచి నూట ఇరవై నాలుగు దాకా సరి సంఖ్యలే ఇచ్చారు. హనుమక్క తొంభై ఎనిమిదయింది. ఇంగ్లీషు పుస్తకంలో పేజీలను, పాత ప్రోగ్రాముల్లో బేసి వరుసలను ఏం చేయాలని ఎవరో అడిగారు. దాని మీద విడిగా ఉత్తర్వు వస్తుందన్నారు.

మళ్ళీ అచ్చువేస్తే మళ్ళీ ముప్పై ఒక్కరే. హనుమక్క అందులోనూ లేదు.

"తొంభై ఎనిమిదైనా పోతి, నలభై తొమ్మిదైనా పోతి," అంది హనుమక్క మంచం మీద కూర్చుని. ఆమె ఏడవలేదు. సోలార్ ప్లాంటు వాళ్ళ కాగితాన్ని మడిచి పెట్టెలో అడుగున పెట్టింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

షమీమ్ మేడం మొదటి ఏడాదిలో మాకు ఒక మాట చెప్పింది. మిషను ఎందుకట్లా చేసిందని మిషన్ని అడగొద్దు, మీరే మిషను కండి అని. నేను నోటుబుక్కులో మా వరుసలు పెన్సిలుతో రాశాను.

"హనుమక్కా, నువ్వు పదకొండో వరుస. నేను పన్నెండు. నీకు గీతా నక్షత్రమూ కనపడితే ఆడ్నించి తుడుస్తా పో. నక్షత్రమూ గీతా కనపడేదాకా ఆపొద్దు. ముందు నువ్వు. నీ పని అయినాంక నేను."

"నేను పెన్నోబులేసు సారా? అట్లయితే కుర్చీ తెచ్చుకుంటా."

కుర్చీ తెచ్చుకుంది. రబ్బరు పట్టుకుంది. సోమవారం నాటి జాబితాతో మొదలుపెట్టాం. నలభై ఆరు దాకా ఏమీ లేదు. నలభై ఏడు దగ్గర ఆగింది.

"47, గీత, నక్షత్రం. గీతా నక్షత్రమే కదమ్మే ఇది! తుడిచేదా?"

"నువ్వు మిషనువి. నీకు అది నంబరని తెల్దు."

తుడవడం మొదలుపెట్టింది. సుజనిత పేరు పోయింది. నలభై ఎనిమిది పోయింది. మూడో వరుసలో సగం తుడిచి, చెయ్యి ఆపి చూసింది.

"అయ్యో! నన్ను నేనే తుడుచుకుంటినే!"

"ఆపొద్దు."

యాభై మూడు దగ్గర నా నక్షత్రమూ, దాని తర్వాతి గీతా కనపడ్డాయి. అక్కడ ఆగింది. మిగిలిన కాగితంలో ఆరుగురు లేరు. తిప్పేస్వామి సార్ వేసిన రెండు ఎర్ర నక్షత్రాలు, ఒకటి గుంత తవ్వడానికీ, ఒకటి పూడ్చడానికీ పనికొచ్చాయి. మధ్యలో ఉన్నవాళ్ళు లోపలే ఉండిపోయారు.

"ఇప్పుడు ముందు నేను, తర్వాత నువ్వు," అన్నాను. ఇంకో పేజీలో మళ్ళీ రాసి, ముందు నేను నంబర్లు తుడిచాను. నక్షత్రాలు నంబర్లతోపాటే పోయాయి. హనుమక్కకు తుడవడానికి ఏమీ మిగల్లేదు. పేర్లన్నీ ఉన్నాయి.

హనుమక్క రబ్బరు కింద పెట్టింది. "ఇంతేనా? దీనికా బేసి సంఖ్యల్ని తీసేసినారు?"

శుక్రవారం ఉదయం షమీమ్ మేడం నోటుబుక్కు చూసి, తల మీద చెయ్యి పెట్టుకుంది. "పన్నెండు ముందు, పదకొండు తర్వాత. రెండు వరుసలు అటూ ఇటూ మారిస్తే అర నిమిషం పని," అని మమ్మల్ని ప్రిన్సిపాల్ గారి గదికి తీసుకుపోయింది. అక్కడ పెన్నోబులేసు సార్ కూడా ఉన్నారు.

ప్రిన్సిపాల్ గారు అంతా విన్నారు. "అనగా, పన్నెండవ నంబరు పదకొండవ నంబరును దాటిపోవలెనని తమ ప్రతిపాదన."

"అవును సార్."

"దాఖలైన తేదీని బట్టి పదకొండు సీనియరు. జూనియరు వరుస సీనియరు వరుసను దాటుటకు పదోన్నతుల కమిటీ ఆమోదము కావలెను. కమిటీ జూన్‌లో సమావేశమగును."

"సార్, ఈరోజు ఐదింటికి గడువు."

పెన్నోబులేసు సార్ అందుకున్నారు. "నేను సర్వీసులో చేరి ఇరవై రెండేళ్ళాయ. ఈమె కాంట్రాక్టు. రెగ్యులర్ వరుస పోయి కాంట్రాక్టు వరుస వెనకాల నిలబడల్లనా? రేపు నా మొగం యెట్ల చూపించేది?"

"సార్, వరుసలకు మొగాలుండవు," అంది మేడం.

"నాకుంది కదమ్మా!"

హనుమక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. అందరి ముందూ చెప్పే ధైర్యం లేక నోటుబుక్కు చివరి పేజీలో రాసి మేడం చేతికిచ్చాను. మేడం చదివి నా వైపు చూసింది. ఆ పైన పెన్నోబులేసు సార్ వైపు తిరిగింది.

"ఒక మాట చెప్తా సార్, తప్పనుకోకండి. అరవై రెండు మంది పిల్లల వరుసలకు స్టార్ పడింది. మీ వరుసకు ఇంతవరకు పడలేదు."

పెన్నోబులేసు సార్ కుర్చీలో ముందుకు జరిగారు. "అదే కదా నేనూ అనేది. ఎవరికైనా తోచిందా?"

"వాస్తవము," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పదకొండవ వరుసకు నక్షత్రము ఎన్నడో రావలసియుండెను."

"పక్కన తోడుగా నాదానికి కూడా ఒకటి వేస్తే బాగుంటుంది సార్. ఒక్కటే ఉంటే వెలితిగా కనిపిస్తుంది."

"తోడు ఉండవచ్చును."

"అన్నిటికంటే కింద పదమూడో వరుస ఒకటి, పిల్లల చేత రాయిస్తాను. సార్ వరుస చేసే పనే, సహాయకంగా."

బేసి సంఖ్య అయినా అట్టడుగు వరుసే కదా అని ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పదకొండుకు, పన్నెండుకు నక్షత్రాలు వెంటనే పడ్డాయి. ఈ కొత్త ప్రోగ్రామును పాతదానిలోంచి పంపినప్పుడు, పదకొండు మీది నక్షత్రం దగ్గర మొదలుపెట్టి పన్నెండు మీది నక్షత్రం దాకా అది తీసేస్తుంది. అంటే సార్ వరుస తన గౌరవంతోపాటు నిశ్శబ్దంగా పక్కకు పోతుంది. మేడం వరుస మిగులుతుంది. దాని తర్వాత పదమూడు పని చేస్తుంది. ఎవరూ ఎవరినీ దాటలేదు.

పదమూడో వరుస బాధ్యురాలిగా సంతకం నాది. మూడుంబావుకు కాగితం తీసుకుని నేనూ హనుమక్కా టపాలు కిటికీ దగ్గరికి పోయాం. దీనికి మాత్రం నక్షత్రం పడకూడదు. పడితే పదమూడు కూడా తనను తాను తుడుచుకుంటుంది. ప్రిన్సిపాల్ గారి సందేశాన్ని తీసేసే వాళ్ళే ఉండరు. కంపైలర్ మొదటి పేజీలోనే ఆగిపోతుంది.

తిప్పేస్వామి సార్ నా మొహం చూశారు, కాగితం చూశారు. పెన్సిలు తీశారు.

"ఏం పాపా, మళ్ళీ అర్జంటే కదా?"

పెన్సిలు ములికి కాగితాన్ని తాకబోయింది.

"వద్దు సార్!" అన్నాను. వెనక బెంచీ మీద అటెండరు లేచి కూర్చున్నాడు. "ఇది అర్జంటు కాదు సార్."

సార్ పెన్సిలు గాల్లోనే పట్టుకున్నారు. "ముప్పై ఒక్క యేండ్లయింది నేనీడ కూర్చోబట్టి. నా కాగితం అర్జంటు కాదని చెప్పినోళ్ళను ఇంతవరకు చూడలేదు." పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "సరే, అర్జంటు కాకుంటే రేపు రాపో. మామూలు కాగితానికి ఒకరోజు పడ్తాది."

"రేపు రెండో శనివారం సార్," అంది హనుమక్క.

"అట్లయితే సోమవారం."

అప్పటికి మూడున్నర. మాట్లాడక తప్పలేదు. నేను ఇలా చెప్పాను. "సార్, మీరు వేసే స్టార్లకే పేర్లు పోతాండాయి. నాకూ సుజనితకూ మీరు స్టార్ వేసినారు. మధ్యలో ఉన్న ఆరు పేర్లు పోయినాయి. దీనికి వేస్తే ఇంగ ఎవరూ రారు. వేయకుండా ఈ పొద్దే నంబరిస్తే అందరూ వస్తారు. ఈ పాప పేరు సోమవారం నించీ ఒక్కసారి గూడా రాలేదు. ఐదింటి లోపల రాకపోతే ఇంగ రాదు."

సార్ హనుమక్కను చూశారు. వారం నుంచి ఎర్ర నక్షత్రాలు వేస్తూనే ఉన్నారు గానీ అవి ఏం చేస్తున్నాయో ఆయనకెవరూ చెప్పలేదు.

"ఈ పిల్లేనా?"

"నేనే సార్," అంది హనుమక్క.

"నా స్టార్ వల్లనా?"

ఆయన రిజిస్టరును దగ్గరికి లాక్కున్నారు. పద్ధతి తప్పే మనిషి కాదు. వచ్చిన తేదీ గడిలో గురువారం అని వేశారు. నంబరిచ్చిన తేదీ గడిలో శుక్రవారం అని వేశారు.

"నిన్ననే ఇచ్చిపోయినావు నువ్వు. ఒకరోజు పట్టింది. సరిపాయ కదా?" అని నీలం సిరాతో 13/బి/24 వేసి కాగితం నా చేతిలో పెట్టారు. "పరుగెత్తండి."

నాలుగూ నలభైకి అరవై రెండు పేర్లూ అచ్చయ్యాయి. హనుమక్క తన పేరు మీద వేలు పెట్టి, షమీమ్ మేడం కాగితం లాక్కునేదాకా తీయలేదు. నాలుగూ యాభై మూడుకు జాబితా బోర్డుకు పోయింది.

సోమవారం అసెంబ్లీలో ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. పదకొండవ వరుసకు సముచిత స్థానము లభించిన మరుక్షణమే వ్యవస్థ గాడిలో పడినదని, ఇది అందరికీ గుణపాఠమని చెప్పారు. బేసి సంఖ్యల రద్దును ఎత్తేసి, మా పాత నంబర్లు మాకిచ్చారు. పెన్నోబులేసు సార్‌కు శాలువా కప్పారు. ఆయన కళ్ళు నిజంగానే తడిసాయి. మేడం మాత్రం ఆ ప్రీప్రాసెసర్‌ను మళ్ళీ దానిలోంచే ఎవరూ పంపొద్దని ల్యాబు తలుపు మీద కాగితం అంటించింది. కొత్తది నంబర్లను ముందు తీసేస్తుంది కాబట్టి, నక్షత్రం ఊడి సార్ వరుస మళ్ళీ మేలుకుంటుంది.

పరీక్షలు రాశాం. హనుమక్క పాసై సోలార్ ప్లాంటులో చేరింది. ఆ వారంలోనే నాకు మెమో వచ్చింది. పదకొండవ వరుస నక్షత్రహోదాలో ఉండగా, అదే పని చేయు పదమూడవ వరుస యొక్క ఆవశ్యకత ఏమి? ఏడు దినములలో తెలుపవలెను.

"ఈ వరుస లేకపోతే నలభై తొమ్మిదవ నంబరు అభ్యర్థిని ఉండదు," అని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను.

జూలైలో సర్టిఫికెట్టు కోసం పోతే తిప్పేస్వామి సార్ కిటికీలోంచి పిలిచారు. నా సంజాయిషీ మీద ఉత్తర్వు వచ్చిందన్నారు. చదివి వినిపించారు కూడా. "సదరు నలభై తొమ్మిదవ అభ్యర్థిని చదువు ముగించి సంస్థను విడిచిపోయినందున, పదమూడవ వరుస అవసరము తీరినదిగా భావించి, దానిని తొలగించవలెను."

"తీసేసినారా సార్?"

"యాడ? నీ వరుస మీద స్టార్ లేదు కదా, దాన్ని తీసేసే కాగితానికీ లేదు. అర్జంటు కానిదాని సంగతి కూడా అర్జంటు కాదు పాపా. ఇప్పుడది 'ఎ' సెక్షనులో ఉంది. ఆడ్నించి 'బి' సెక్షనుకు పోవల్ల."

లోపల ల్యాబులో మా తర్వాతి ఫైనలియర్ పిల్లల జాబితా అచ్చవుతోంది. నేను వరండాలో నిలబడి తలుపు సందులోంచి లెక్కపెట్టుకున్నాను. యాభై ఎనిమిది మంది పిల్లలు, యాభై ఎనిమిది పేర్లు.